ఇద్దరికీ కలిపి ఒకే ఓటు

"అమ్మమ్మా, నిన్న డిబేట్ మిడిల్‌లో టీవీ ఎందుకు ఆఫ్ చేశావ్? మామ్ చెప్పింది, నువ్వు ఈసారి వోట్ చెయ్యను అన్నావ్ అని. వై? నేను రికార్డ్ చేస్తున్నా, ఓకే?"

రికార్డా? చెయ్యి చెయ్యి. ముందా ఫోను అక్కడ పెట్టి ఉప్మా తిను, చల్లారిపోతోంది. యూనివర్సిటీలో ఏం తింటున్నావో ఏమో, మెడ ఎముకలు బయటికొచ్చాయి. మీ అమ్మకి కడుపులో మాట దాగదు కదా, నీకప్పుడే చెప్పేసిందన్నమాట. నేనేమన్నానంటే "చూద్దాంలే" అన్నానంతే. సరే, వెయ్యననే అన్నాననుకో. మీ తాతయ్య పోయాక వచ్చిన మొదటి ఎలక్షన్ ఇది. ఆ డిబేటు పెట్టుకుని కూర్చున్నా, ఒకాయన మాట్లాడాడు, రెండో ఆయన మాట్లాడాడు, నేను అలవాటుగా పక్కనున్న తాతయ్య కుర్చీకేసి తిరిగా. ఇంక చూడబుద్ధి కాలేదు. కట్టేశా.

అంతేనా అంటే అంతే కాదులే. ఎందుకు వెయ్యనన్నానో చెప్పాలంటే మా ఇద్దరి సంగతీ చెప్పాలి, మా సంగతి చెప్పాలంటే ఆ డబ్బా టీవీ దగ్గర మొదలుపెట్టాలి. నీకు టైముందా? ఉంటే విను. మధ్యలో "ఓకే ఓకే" అనకు, నాకు ఫ్లో పోతుంది.

డెబ్బై ఆరు అది. డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, మేడ మీద. మీ అమ్మ అప్పటికి చంటిది. చంటిది కాదులే, మూడేళ్ళుంటాయి, కానీ చంకలోంచి దిగేది కాదు. తాతయ్య కార్ల కంపెనీలో ఇంజనీరు అని నీకు తెలుసుగా. వాళ్ళ డిపార్ట్‌మెంట్‌కి గవర్నమెంటు పనేదో వచ్చిందట, సిటిజన్స్‌ని మాత్రమే తీసుకుంటామన్నారు. దాంతో ఆయన అప్లై చేసేసి సిటిజన్ అయిపోయాడు. నన్నూ చెయ్యమన్నాడు. నేను చెయ్యనన్నా. ఎందుకంటే ఆ ప్రమాణం ఉంటుంది చూడూ, చెయ్యెత్తి చెప్పేది, అందులో పాత దేశాన్ని పూర్తిగా వదులుకుంటున్నానని పైకి గట్టిగా చెప్పాలి. తెనాలిలో పుట్టిపెరిగిన దాన్ని, ఆ మాట నా నోటితో నేననను అని పట్టుబట్టా. ఆయన రెండు మూడు సార్లు చెప్పి ఊరుకున్నాడు. అట్లా ఒకే ఇంట్లో ఆయన ఓటున్న మనిషి, నేను ఓటు లేని మనిషి.

ఆ ఏడాది ఆయనకి మొదటి ఓటు. అబ్బో, ఆ హడావిడి చూడాలి నువ్వు! పెళ్ళికొడుకు కూడా అంత హడావిడి పడడు. టీవీలో ప్రెసిడెంటు డిబేటు వస్తోంది, ఇద్దరం కూర్చుని చూడాలి, వంట పెందరాళే చేసెయ్యమని పొద్దున్నించీ చెవిలో జోరీగ. చాలా ఏళ్ళ కిందట ఒకసారి టీవీలో జరిగాయట అవి, ఆ తర్వాత మధ్యలో అసలు జరగనే లేదట. మళ్ళీ అదే మొదలు. అందుకని దేశమంతా కాచుక్కూర్చుంది. మాకున్న టీవీయేమో, ఊరు మారిపోతూ ఆయన ఆఫీసులో ఒకతను ఇచ్చేసిపోయిన పాత డబ్బా. ఆ రోజుల్లో కారులో పోసే గ్యాసు గాలను డాలరు కూడా లేదు, అయినా కొత్త టీవీ అంటే మాకు గుండె దడ. ఆ డబ్బాకి నెత్తిన రెండు కొమ్ములు, ఒక కొమ్ముకి ఎప్పుడూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉండేది.

సరే, డిబేటు మొదలైంది. స్టేజీ మీద ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన అప్పటికే ప్రెసిడెంటు, రెండో ఆయన అవుదామని వచ్చినాయన. పేర్లు చెప్పను, చెబితే నువ్వు ఫోనులో చూసి మేమెవరికేశామో కనిపెట్టేస్తావు. నాకు సగం అర్థమవుతోంది, సగం కావట్లేదు. ఇంగ్లీషు రాక కాదు, బడ్జెట్లూ టాక్సులూ ఎవరికర్థమవుతాయి చెప్పు? చాలాసేపు బాగానే జరిగింది. ఇంక అయిపోవచ్చింది అనుకుంటూ ఉండగా ఉన్నట్టుండి సౌండు పోయింది. బొమ్మ ఉంది, మాట లేదు.

మీ తాతయ్య ఏమన్నాడో తెలుసా? "మన డబ్బా పోయింది" అన్నాడు. నేనన్నా, "వాళ్ళ దగ్గరే పోయిందేమోనండీ" అని. ఒంటికాలి మీద లేచాడు. "అమెరికాలో, ప్రెసిడెంటు మాట్లాడుతుంటే, వాళ్ళ సౌండు పోతుందా? ఏం మాట్లాడుతున్నావు నువ్వు? ఇదేమన్నా మన ఊరి మైకు సెట్టా?" అని. అప్పట్లో మా అందరికీ అదే పిచ్చి కదమ్మా. ఇక్కడ ఏదైనా చెడిపోయిందంటే అది మనదే అయ్యుంటుంది, మనమే ఏదో తప్పు నొక్కి ఉంటాం. మీ తాతయ్య పెద్దనాన్నగారి అబ్బాయి ఒకాయన ఉండేవాడు ఒహాయోలో, ఎలివేటరు ఆగిపోతే తన బరువుకే ఆగిందనుకుని అందరికీ సారీ చెప్పాట్ట. సరే, ఆయన గొడవ వద్దులే.

తాతయ్య వెళ్ళి వాల్యూము తిప్పాడు. రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. ఆ మీట కాస్తా ఊడి చేతిలోకి వచ్చేసింది! అప్పుడు నిజంగానే పోయింది సౌండు. నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు, కొమ్ములు అటూ ఇటూ తిప్పాడు, ఊహూఁ. స్క్రూడ్రైవరు కోసం కింద పార్కింగ్‌లో ఉన్న కారు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ట్రంకులో దొరక్క, ఎవరెవరినో అడిగి, ఎప్పటికో వచ్చాడు.

అంతసేపూ నేను చూస్తూనే ఉన్నా. ఆ ఇద్దరు మనుషులూ అట్లాగే నిలబడిపోయారు తల్లీ. కూర్చోరు, ఒకరినొకరు పలకరించుకోరు. మధ్యమధ్య వేరేవాళ్ళెవరో మైకు పట్టుకుని కనబడి నోళ్ళు కదుపుతున్నారు, మళ్ళీ వీళ్ళిద్దరే. ఆ నోళ్ళు కదిపేవాళ్ళు ఏం చెబుతున్నారో తెలుసా? "మీ టీవీలు బాగానే ఉన్నాయి, సౌండు ఇక్కడే పోయింది" అని! మాకు వినబడితే కదా. నేను మాత్రం ఆ ఇద్దరి మొహాలే చూస్తున్నా. మాటలుంటే మనం మాటల వెంట పోతాం. మాటల్లేకపోతే మనిషి కనిపిస్తాడు. ఒకాయన నాకు నచ్చాడు. ఎందుకంటే ఏం చెప్పను, ఆ నిలబడ్డంలో తొందర లేదు, బింకం లేదు. పెళ్ళిచూపుల్లో కూడా నేనంతసేపు మీ తాతయ్య మొహం చూసుండను.

ఆయన వచ్చాడు, ప్లగ్గు పీకాడు, వెనక చెక్క ఊడదీశాడు, ఏదో కెలికాడు, మళ్ళీ పెట్టాడు. ఏమైందనుకున్నావు? సౌండొచ్చింది, బొమ్మ పోయింది. తెర నిండా చీమలు. అప్పటికి వాళ్ళు ఆఖరి మాటలు చెబుతున్నారు, అవి ఆయన డబ్బాకి చెవి ఆనించి విన్నాడు. నేనా, మీ అమ్మ ఏడుస్తోందని లోపలికి వెళ్ళా.

మర్నాడు కింద లాండ్రీ రూములో డొరొతీ అని మా పక్కింటావిడ చెప్పింది అసలు సంగతి. దేశమంతా సౌండు పోయిందట, దాదాపు అరగంట. నాకు నవ్వాగలేదు. ఆవిడే ఇంకోటి చెప్పింది. మొట్టమొదటిసారి టీవీలో పెట్టినప్పుడు, ఆ పాతరోజుల్లో, ఒకాయన జబ్బు పడి లేచి వచ్చాట్ట, మొహం పాలిపోయి, చెమటలు కక్కుతూ. రెండో ఆయనేమో నిగనిగలాడుతూ ఉన్నాట్ట. డొరొతీ వాళ్ళమ్మ టీవీలో చూసి నిగనిగలాడేవాడే గెలిచాడంది. వాళ్ళ నాన్న డ్యూటీలో రేడియోలో విని, ఆ జబ్బుపడ్డాయనే గెలిచాడన్నాడు. ఆ సంగతి మీద వాళ్ళిద్దరూ చచ్చేదాకా పోట్లాడుకున్నారట. నేననుకున్నా, ఓరి నాయనో, రాత్రి మా ఇంట్లో జరిగిందీ అదేగా! ఒకే గదిలో, ఒకే డబ్బా ముందు.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే "మన డబ్బా కాదుట" అన్నా. ఆయనకి అప్పటికే తెలిసినట్టుంది, మాట మార్చేసి ఫలానా ఆయనకే వేస్తా, ఆఖర్న ఎంత చక్కగా మాట్లాడాడనుకున్నావు అన్నాడు. నేను అవతలాయనే మంచివాడన్నా. "నువ్వసలు మాటే వినలేదు" అన్నాడు. "మీరసలు మొహమే చూడలేదు" అన్నా. "ఓటు నాది" అన్నాడు. అంతే, నాకు ఒళ్ళు మండింది. "ఈ ఇంటికి ఒకటే ఓటు వచ్చింది. బియ్యం మీవీ నావీ అని విడిగా వండుతున్నానా? అందులో సగం నాది" అన్నా.

ఇంకొకడైతే పోవే అనేవాడు. మీ తాతయ్య ఏం చేశాడో తెలుసా? కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "సరే, డిబేటు పెట్టుకుందాం" అన్నాడు. ఎవరు ఒప్పిస్తే ఓటు వాళ్ళు చెప్పినట్టు. రెండేసి నిమిషాలు, ఓవెన్ టైమరు పెట్టి. కానీ ఒక రూలు. జవాబు చెప్పే ముందు ఎదుటివాళ్ళు ఏమన్నారో మనం తిరిగి చెప్పాలి. అది విని ఎదుటివాళ్ళు "అవును, అదే నేనన్నది" అనాలి. అంటేనే మన మాట మొదలుపెట్టాలి. ఆఫీసులో మీటింగుల్లో చూసి నేర్చాడో, తనకే తోచిందో తెలీదు. తల ప్రాణం తోకకొచ్చేది నాకు. నేను చెప్పడం, ఆయన "కాదు, నేనలా అనలేదు, మళ్ళీ చెప్పు" అనడం. పప్పు మాడిపోయిన రోజులున్నాయి.

ఆ ఏడాది ఆయనే గెలిచాడులే. ఇంట్లో అంటున్నా. అక్కడెవరు గెలిచారో మీ పుస్తకాల్లో ఉంటుంది.

అదిగో, అప్పటినించీ నాలుగేళ్ళకోసారి మా ఇంట్లో అదో పండగ. టీవీలో వాళ్ళది అవగానే మాది. మీ అమ్మ పెద్దదయ్యాక దాన్ని మోడరేటర్ చేశాం, తీర్పు కూడా దానిదే. అబ్బ, ఏం మోడరేటరు! "డాడీ, యువర్ టైమ్ ఈజ్ అప్" అని చెంచాతో టేబులు కొట్టేది. ఇప్పుడు తను పనిచేసే ఆసుపత్రిలో అందర్నీ అలాగే బెదిరిస్తుందనుకుంటా. ఒక్కో ఏడాది ఒక్కో ముచ్చట. వయసైపోయింది కదా అని అడిగితే జోకేసి ఎదుటివాణ్ణి కూడా నవ్వించేసిన ఆయన ఒకడు. జనంలోంచి ఒకమ్మాయి లేచి ప్రశ్న అడుగుతుంటే వాచీ చూసుకున్నాయన ఇంకొకడు. దాని మీద నేను రెండు నిమిషాలూ మాట్లాడా. ఇంటికొచ్చిన మనిషి ముందు వాచీ చూసుకునేవాడికి ఓటెలా వేస్తారండీ అని. తాతయ్యేమో, "టైము చూసుకోవడం తప్పయితే మా ఆఫీసులో ఒక్కడూ మిగలడు" అని. తర్వాతెప్పుడో, ఎదుటాయన మాట్లాడుతుంటే మైకులో నిట్టూర్పులు విడిచినాయన. దేశమంతా నవ్వింది. నేను నవ్వలా. నేనూ అంతే విడుస్తా మీ తాతయ్య మాట్లాడుతుంటే.

నీకనిపిస్తుంది, వాచీలూ నిట్టూర్పులూ చూసి దేశాన్ని ఎవరి చేతిలోనో పెడతారా అని. నీ వయసులో మీ అమ్మా అంతే అనేది. ఏమో తల్లీ. జనం ఎవర్ని ఎందుకు నమ్ముతారో ఎవడు చెప్పగలడు? ఆ తొంభై నిమిషాలూ మాత్రం ఇద్దరూ ఒకేచోట నిలబడి ఒకరి మాట ఒకరు వినాల్సొస్తుంది. నాకు దానిమీదే ఇష్టం. ఇప్పుడేముందిలే, ఒకరు మాట్లాడుతుంటే రెండో వాళ్ళ మైకు ఆపెయ్యాల్సొస్తోంది.

ఆఁ, ఎక్కడున్నాం? అదే, ఒక ఏడాది నేను గెలిచా. అంతకుముందూ ఒకటి రెండుసార్లు గెలిచాలే, కానీ అప్పుడు ఆయనకీ పెద్ద పట్టింపు లేదు. ఈసారి అలా కాదు. ఆయనకి తన వైపాయన మీద గట్టి నమ్మకం. నా వైపాయన గెలిస్తే తప్పు జరిగిపోతుందని నిజంగా నమ్మాడు. కానీ ఆ రోజు నేను బాగా మాట్లాడా, ఆయన తడబడ్డాడు, మీ అమ్మ "మామ్ విన్స్" అంది. ఎలక్షన్ రోజు ఆఫీసుకి వెళ్ళేముందు ఓటేసి రావడానికి వెళ్ళాడు. తిరిగి ఇంటికొచ్చాడు, ఆఫీసుకి వెళ్ళకుండా. కోటు కూడా విప్పకుండా డైనింగ్ టేబులు దగ్గర కూర్చున్నాడు.

"ఏమైందండీ?" అన్నా. "నువ్వు చెప్పినట్టే వేశాను" అన్నాడు. "అయితే మరి?" అన్నా. "చెయ్యి రాలేదే. చాలాసేపు నిలబడ్డాను లోపల. బయటివాళ్ళు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. మాటిచ్చాను కదా అని వేశాను. గుళ్ళో నిలబడి అబద్ధమాడినట్టుంది" అన్నాడు.

నన్నొక్క మాట అనలేదు తెలుసా. కాఫీ ఇమ్మన్నాడు, తాగాడు, ఆఫీసుకి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక నేను సింకు దగ్గర నిలబడి ఎంత ఏడ్చానో. అందరి మొగుళ్ళూ నగలు కొన్నారు, ఇళ్ళు కొన్నారు. ఇది చేసినవాడు ఎక్కడైనా ఉన్నాడా చెప్పు? ఎవరూ చూడని చోట, లోపల ఒక్కడూ ఉన్నచోట, తన మనసుకి వ్యతిరేకంగా నా మాట నిలబెట్టాడు. వేరేగా వేసి వచ్చి నువ్వు చెప్పినట్టే వేశానని చెబితే నాకెలా తెలుస్తుంది? తెలీదు కదా. నాకు ఎంత ప్రేమ అనిపించిందో, అంత భయమూ వేసింది. ఇంత మంచివాడి దగ్గర ఉన్నది ఒక్క ఓటు, దాన్ని నేను లాక్కుంటున్నానా అని.

మర్నాడే అప్లికేషన్ తెప్పించమన్నా. ఆయన నమ్మలేదు. "ఆ ప్రమాణం చెప్పాలి, తెలుసుగా?" అన్నాడు. చెబుతానన్నా. చెప్పాను కూడా, డెట్రాయిట్‌లో, చీర కట్టుకుని, చెయ్యెత్తి. వదులుకుంటున్నానన్న మాట దగ్గర కళ్ళు మూసుకున్నా, అయినా ఆగలేదు. పక్కన నిలబడ్డ ఒక లెబనాన్ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చాక మీ తాతయ్య ఏమన్నాడో విను. "కంగ్రాట్యులేషన్స్" అనలేదు. "హమ్మయ్య, నా ఓటు నాకొచ్చింది" అన్నాడు, దొంగమొహం.

తర్వాత ఎలక్షన్‌కి ఇద్దరం ఒకే కారులో వెళ్ళాం. ఆయన ఆయనకి నచ్చినవాడికి, నేను నాకు నచ్చినవాడికి. డొరొతీ అంది, "మీ ఇద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి కదా, ఇద్దరూ ఇంట్లోనే ఉంటే గ్యాసు కలిసొస్తుంది కదా" అని. తాతయ్య "ఈవిడ నన్ను కొట్టెయ్యడం కోసం దేశం మారింది, ఇంట్లో ఎలా కూర్చోమంటావు?" అన్నాడు. అయినా మా డిబేటు ఆపలేదు. పందెం లేకపోయినా పెట్టుకునేవాళ్ళం. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు చెప్పడం, "అవును, అదే నేనన్నది" అనడం. అట్లా ఎన్నేళ్ళు చేశామో. ఇప్పుడు ఆయన ఏ సంగతి మీద ఏమంటాడో ఆయనకంటే నాకే బాగా తెలుసు.

నిన్న కూడా అంతే. వాళ్ళిద్దరూ మాట్లాడుతుంటే ఆయన ఎవరి వైపుంటాడో, ఎందుకుంటాడో అన్నీ తెలిసిపోతున్నాయి. ఈసారి కూడా నాకు వ్యతిరేకమే. పైకి చెప్పా కూడా, ఆయన మాటల్లోనే, పొల్లుపోకుండా. చెప్పి ఆగా. అవునని అనేవాళ్ళు లేరు.

అదమ్మా సంగతి. ఇప్పుడు నేను వెళ్ళి నా ఓటు వేశాననుకో, ఏమవుతుంది? నాది నిలబడుతుంది. కొట్టేసేవాడు లేడు. అంటే ఆయన పోయాడు గనక నేను గెలిచినట్టు. అలాంటి గెలుపు నాకెందుకు? పోనీ ఆయన వైపు వేద్దామా అంటే, ఆయనే ఒప్పుకోడు. మనసు రాని ఓటు వెయ్యడమంటే ఏమిటో ఆయనకి తెలుసు. అందుకని ఊరుకుందామనుకున్నా. ఇద్దరి ఓట్లూ పడకపోతే సమానంగా ఉంటుందిగా. మీ అమ్మకి ఇదంతా చెప్పలేదు. చెబితే అది ఏడుస్తుంది, దాన్ని చూసి నేనూ...

ఏంటి? ఏదీ, మళ్ళీ చెప్పు. అలా గొణక్కు, గట్టిగా చెప్పు.

నువ్వా? నువ్వు తాతయ్య వైపాయనకేస్తావా? నీ మొదటి ఓటు, తీసుకెళ్ళి ఆ మనిషికా! అమ్మ దొంగా... నాకోసం అంటున్నావా? నా మొహం చూసి చెప్పు. తాతయ్య కోసమైతే వద్దు తల్లీ, ఒకళ్ళ కోసం ఇంకొకళ్ళు వేసే పని ఈ ఇంట్లో ఒకసారి జరిగింది, చాలు. ఏంటీ, సమ్మర్ నుంచే అనుకున్నావా? మీ అమ్మకి తెలుసా? తెలీదా! అయ్యో రామ, అది నాలాగే వేస్తుంది, నువ్వూ అంతేననుకుంటోంది. రాకాసీ, ఇన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా కూర్చుని ఒక్క మాట బయటపడలేదే!

అయితే ఇంక నేను ఇంట్లో కూర్చుంటే ఎట్లా? నీ ఓటు అక్కడ నిక్షేపంగా నిలబడనిస్తానా? వెళ్ళాల్సిందే. నువ్వే డ్రైవ్ చెయ్యాలి, ముందే చెబుతున్నా, ఇద్దరం కలిసే వెళ్దాం.

ఏడవట్లేదులే. కళ్ళజోడు తీస్తే నాకు నీళ్ళొస్తాయి. ఇటు రా, తల వంచు. నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ. నీకు వచ్చేవాడు, ఎవడైనా సరే ఏ దేశం వాడైనా సరే, నీ మాట పూర్తయ్యేదాకా ఆగేవాడు కావాలి. వాడి మాట పూర్తయ్యేదాకా నువ్వూ ఆగాలి. ఎవరూ చూడనిచోట కూడా ఒకరికొకరు నిజంగా ఉండాలి. పోట్లాడుకున్న రోజు కూడా ఒకే టేబులు మీద అన్నం తినాలి. అంతకంటే ఏం కావాలి మనిషికి...

సరే, ఇంక నా ఎదురుగా కూర్చో. ఆ కుర్చీలోనే కూర్చో, పర్లేదు. ఇప్పుడు చెప్పు, ఆ మనిషిలో నీకేం నచ్చింది? నాకు కోపమొస్తుందని తగ్గించి చెప్పకు. ఊఁ, కానీ. వింటున్నా.